సరిహద్దు దాటని మామిడి: శీతల గిడ్డంగి ఒక్కటే చాలునా?

2025 జూన్ 7వ తేదీన చిత్తూరు జిల్లా యంత్రాంగం కర్ణాటక తోతాపురి మామిడిని తమ జిల్లాలోనికి రానీయరాదని ఉత్తర్వు జారీ చేసింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు తమ రైతుకు చెల్లించు ఏర్పాటులో బయటి కాయ చేరరాదన్నది వారి వాదన. జూన్ 11న శ్రీనివాసపురంలో బంద్ జరిగింది. అదే రోజు ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుకు లేఖ వ్రాశారు. ఆ నెలలోనే కేంద్రం 2.5 లక్షల టన్నుల వరకు ధర వ్యత్యాసం చెల్లించుటకు అంగీకరించింది. కోసిన కాయ మాత్రం లేఖలకొరకు వేచి ఉండదు.

ఇటువంటి సమయంలో శీతల గిడ్డంగి కావాలన్న కోరిక చింతామణి, బాగేపల్లి రైతులకు కలుగుట సహజం. అయితే గిడ్డంగి ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకొనుట అవసరం.

పచ్చి మామిడికి సుమారు 13 డిగ్రీలే తగిన చలి. అంతకు మించి చల్లబరచిన తొక్క నల్లబడును, కాయ సరిగా పండదు. తగిన చలిలో సైతం రెండు మూడు వారాలకు మించి నిలువదు. గడ్డ కట్టించినచో లోపలి నీరు మంచు ముక్కలై కణాలను చీల్చును. కరిగిన పిమ్మట పండు మెత్తబడి రూపు చెడును.

గుజ్జు సంగతి వేరు. మైనస్ 18 డిగ్రీలలో గుజ్జు ఏడాది నిలుచును. వేడి చేసి, క్రిములు చేరని సంచులలో నింపినచో చలి సైతం అక్కరలేదు. తోతాపురికి గిరాకీ ప్రధానంగా గుజ్జు కొరకే. ఆ ఫ్యాక్టరీలు ఎక్కువగా చిత్తూరు, తమిళనాట కృష్ణగిరి ప్రాంతాలలో ఉన్నవి. కనుకనే ఒక్క ఉత్తర్వు మన తోటలను స్తంభింపజేసింది.

విత్తనం విషయం మరింత గంభీరమైనది. రాగులను ఎండబెట్టి గాదెలో దాచవచ్చును. 2008లో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్‌లో ప్రారంభమైన విత్తన భాండాగారం పొడి విత్తనాలను మైనస్ 18 డిగ్రీలలో భద్రపరచుచున్నది. మామిడి టెంక, పనస గింజ అట్లు కావు. ఎండిన చచ్చును, గడ్డ కట్టిన చచ్చును. అందువలన బెంగళూరు సమీపాన హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ మామిడి రకాలను చెట్లుగానే తోటలో కాపాడుచున్నది. ధర పడిపోయినదని గట్టున ఉన్న నాటు మామిడిని నరికినచో, ఆ రకాన్ని తిరిగి ఇచ్చు గిడ్డంగి మనకు లేదు.

కాబట్టి మన కోరిక స్పష్టంగా ఉండవలెను. బల్లపండ్లకు గిడ్డంగి, తోతాపురికి మన వైపుననే గుజ్జు ఫ్యాక్టరీ, కోతకు ముందే రెండు రాష్ట్రాల మధ్య ధర ఒప్పందం. ఓట్లడుగ వచ్చువారిని ఈ మూడింటిని గూర్చి ప్రశ్నించండి. నాటు చెట్టును కాపాడు బాధ్యత మాత్రం మనదే.