టీవీ వైరుకు బంగారు పూత ఎందుకమ్మా?

కొత్త టీవీ కొన్నవాళ్లందరికీ ఈ మధ్య ఇంకో ఖర్చు తగులుతోంది. అదే టీవీకీ సెట్‌టాప్ బాక్సుకీ మధ్య పెట్టే హెచ్‌డీఎంఐ వైరు. కొట్లో మూడు వందల వైరు పక్కనే రెండున్నర వేల వైరు వేలాడుతుంటుంది. బంగారు రంగు కొనలు, జడలా అల్లిన నైలాను తొడుగు, పైన మెరిసే పెట్టె. "బొమ్మ బాగా రావాలంటే ఇదే తీసుకోండక్కా" అంటారు. నేను చెప్పేది ఒక్కటే. మనబోటి ఇళ్లలో, మనం చూసే టీవీకి, ఆ ఖరీదైన వైరు శుద్ధ దండగ.

వైరు మంచిదైతే బొమ్మ బాగుంటుందనే మాట ఒకప్పుడు నిజమే. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైర్లు గుర్తున్నాయి కదా. ఆ పసుపు వైరులో బొమ్మ కరెంటు అలలాగా పోయేది. దారిలో అల కాస్త చెదిరినా తెర మీద గీతలు, నీడలు పడేవి, రంగులు వెలిసిపోయేవి. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ పద్ధతి వేరు. ఇందులో పోయేవి ఒకట్లు, సున్నాలు, అంతే. కాలం మారింది గానీ కొట్లో చెప్పే మాట మాత్రం మారలేదు.

నేను బీఏ తెలుగు చదివినదాన్ని, ఇంజనీర్ని కాను. అయినా ఇది అర్థం కావడానికి ఛందస్సు చాలు. పద్యాన్ని బంగారు సిరాతో రాసినా, పెన్సిల్ ముక్కతో రాసినా గురువు గురువే, లఘువు లఘువే. సిరా ఖరీదు పెరిగిందని ఉత్పలమాల ఇంకాస్త ఉత్పలమాల అయిపోదు. కాగితం చిరిగి ఒక అక్షరం పోతే మాత్రం గణం తప్పుతుంది, చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. చెడిన హెచ్‌డీఎంఐ వైరు కూడా అంతే. తెర మీద మెరుపు చుక్కలు పడతాయి, బొమ్మ వచ్చి పోతుంటుంది, లేదా తెర మొత్తం నల్లబడుతుంది. అంతేగానీ ఎరుపు ఇంకొంచెం ఎర్రబడటం, ముఖాలు ఇంకొంచెం తేటపడటం ఉండదు.

మరి బంగారు పూత? కొన చిలుం పట్టకుండా కాపాడుతుంది, నిజమే. కానీ ఒకసారి టీవీ వెనక దోపాక ఏళ్ల తరబడి కదలని వైరు అది. పైగా చవక వైర్లకూ ఆ పలచటి పూత ఉండనే ఉంటుంది.

మా ఆడబిడ్డది ఉదయగిరి. పోయిన సంక్రాంతి ముందు వాళ్లిద్దరూ మా ఆత్మకూరు వచ్చి టీవీ కొనుక్కుపోయారు. వైరుకు విడిగా రెండు వేల నాలుగొందలు. "దీనికీ దానికీ తేడా ఏందన్నా?" అని తను అడిగిందంట. "ఇవన్నీ మీకు అర్థం కావులే అక్కా, అన్నకు చెప్తాలే" అన్నాడంట కొట్టాయన. అన్నగారికి మాత్రం ఏం తెలుసు, తల ఊపాడు. ఆ డబ్బు మా ఆడబిడ్డ మిషను కుట్టి దాచుకున్నది.

పండక్కి నేను వాళ్లింటికి పోయినప్పుడు చూస్తే, సెట్‌టాప్ బాక్సుతో వచ్చిన వైరు అట్టపెట్టెలో సీలు కూడా విప్పకుండా ఉంది. దాన్ని తీసి ఒకసారి ఇది, ఒకసారి అది పెట్టాను. ఇంట్లో నలుగురు కూర్చుని చూశారు. ఏది ఏదో ఒక్కరూ చెప్పలేకపోయారు. "ఏం తేడా లేదే వదినా" అంది తను, గొంతు తగ్గించి. తీరా చూస్తే వాళ్లు కట్టేది మామూలు ఛానళ్ల ప్యాకు, హెచ్‌డీ కాదు. అటు నుంచి వచ్చేదే మసక బొమ్మ అయితే వైరు దాన్నెట్టా బాగుచేస్తుంది?

నాకు కోపం వైరు మీద కాదు, "మీకు అర్థం కావులే" అన్న మాట మీద. కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు బేరమాడతాం, చింతపండు నలిపి చూసి కొంటాం. ప్లగ్గూ పిన్నూ ఉన్న వస్తువు రాగానే నోరు కట్టేసుకుంటాం. టీవీ మీద బేరమాడి తగ్గించుకున్న డబ్బంతా ఈ వైరు దగ్గర తిరిగి వాళ్ల గల్లాపెట్టెలోకే పోతోంది.

"చవక వస్తువు చేటు కదమ్మా" అంటారు. ఎక్కువ ఇచ్చి కొనడం నాకూ ఇష్టమే. ఉదయగిరి చెక్క గరిటెలు స్టీలు గరిటెల కంటే ఖరీదైనా కొంటాను. ఎందుకంటే అందులో మంచి కర్ర ఉంది, చేతిపని ఉంది, ఆ తేడా నా చేతికి తెలుస్తుంది. ఖరీదుకు తగ్గ గుణం ఉండాలి. ఈ వైరులో పెరిగేది ఖరీదొక్కటే.

ఎప్పుడు చూసుకుని కొనాలో కూడా చెబుతాను. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు సెకనుకు సుమారు 4.5 గిగాబిట్లు పోతాయి. 'హై స్పీడ్' అని రాసిన మామూలు వైరు 10.2 దాకా మోయగలదు. 4కె టీవీలో పూర్తి వేగంతో చూడాలంటే 18 మోసే 'ప్రీమియం హై స్పీడ్', పిల్లల కొత్త గేమ్ పెట్టెలకైతే 48 మోసే 'అల్ట్రా హై స్పీడ్' కావాలి. వీటి పెట్టె మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే ముద్ర ఉంటుంది. చూడాల్సింది ఆ ముద్రను, బంగారు రంగును కాదు. గోడలోంచి పది మీటర్లు లాగాల్సి వస్తే అప్పుడు వైరు నాణ్యత నిజంగానే ముఖ్యం. బాక్సుకీ టీవీకీ మధ్య మూరెడు దూరమైతే ఆ బెంగే అక్కర్లేదు.

కొనే ముందు బాక్సు అట్టపెట్టెలో వైరు వచ్చిందేమో వెతకండి. యూట్యూబ్ కోసమే అయితే, వైఫై ఉన్న స్మార్ట్ టీవీకి ఈ వైరుతో పనే లేదు. బొమ్మ మసగ్గా ఉంటే ముందు ఛానల్ ప్యాకు, టీవీ సెట్టింగులు చూడండి. కొట్లో ఈ మూడూ అడగండి: ఇది ఏ రకం, ఎన్ని మీటర్లు, పనిచెయ్యకపోతే వెనక్కి తీసుకుంటారా? బిల్లు తీసుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. "అన్నను పిలవండి" అంటే, "డబ్బులిచ్చేది నేను, నాకే చెప్పండి" అనండి.