రంగం కబుర్లు రాసిపెట్టిందెవరు?

గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళి 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కిన మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే. ఏడాది దాటి కరాచీ జైల్లో మగ్గాక, 2020 జనవరిలో 20 మంది వాఘా దగ్గర సరిహద్దు దాటి వచ్చారు. ఆ ఉదంతం ఆధారంగా 2025లో ‘తండేల్’ సినిమా వచ్చింది. పాటలు మోగాయి, టికెట్లు తెగాయి. సంతోషమే. అయితే జైల్లో పొద్దెలా గడిచిందో, ఈలోగా ఇంటి దగ్గర అప్పు ఎంతైందో ఆ బోటెక్కిన మనిషే చెబితే అది వేరే కథ. అందులో ప్రేమ ఉంటుందో లేదో గానీ వడ్డీ లెక్క మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఈ జిల్లాలకు వలస నిన్నమొన్నటిది కాదు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి తాతలు రంగం (బర్మాలోని రంగూన్) పోయారు. కూలీలను పోగేసే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా వాడి కిందే చాకిరీ. రంగూన్ రేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ చాలావరకు మనవాళ్ళే. 1930 మేలో కూలి పెంచమని రేవు కూలీలు సమ్మె కడితే, చివరికి అది అల్లర్లకు దారితీసి ప్రాణాలు పోయాయి. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. వేలాదిమంది అరకాన్ కొండలు ఎక్కీ దిగీ కొందరు, మణిపూర్ దారిన ఇంకొందరు కాలినడకన వచ్చారు. మిగిలినవాళ్ళలో చాలామంది బర్మాలో నేవిన్ సైనిక సర్కారు దెబ్బకు 1964 నుంచి కాందిశీకులై తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే.

ఇంత బతుకూ పుస్తకాల్లో ఎక్కడుంది? రంగూన్ కూలీల మీద 1933లో ఆండ్రూ అనే అధికారి ఇంగ్లీషులో రాశాడు. మన నాటకాల వాళ్ళు ‘రంగూన్ రౌడీ’ ఆడించారు. మూట మోసినవాడి మాట మాత్రం అరుగుల మీదే ఉండిపోయింది.

చదువు లేనివాళ్ళు ఏం రాస్తారన్న సాకు చెల్లదు. ఫిజీకి కూలీగా వెళ్ళి 21 ఏళ్ళు గడిపిన తోతారాం సనాఢ్య చెబుతుంటే బనారసీదాస్ చతుర్వేది హిందీలో రాశారు. 1914లో వచ్చిన ఆ పుస్తకం కూలీల ఎగుమతిని వ్యతిరేకించిన ఉద్యమానికి ఆయుధమైంది.

అసలు చిక్కు వేరే. పంపిన డబ్బుతో కొన్న మడిచెక్క గురించి వలసపోయి వచ్చినవాళ్ళు పదిసార్లు చెబుతారు. మేస్త్రీ చేతిలో తిన్న దెబ్బలూ, రంగంలో వదిలేసి వచ్చిన ఇంకో సంసారమూ ఎత్తరు. పరువు అడ్డం. అవి లేకపోతే అది జ్ఞాపకం కాదు, సన్మాన పత్రం. రాసుకునేవాళ్ళకూ ఓ మాట: యాస దిద్దకండి. ‘ఓడెక్కీసినాం’ అంటే అలాగే రాయండి.

1964లో పదేళ్ళ పిల్లలుగా రేవులో దిగినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ వారమే ఫోన్‌లో రికార్డు పెట్టి కూర్చోండి. మేస్త్రీ పేరు, ఓడ పేరు, రోజుకూలి, తిన్న తిండి అడగండి. కథల కోసం కథకుడు కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం నిలబెట్టారు. అక్కడ ఒక్క బీరువా ఈ అనుభవాలకు కేటాయించే సంగతి నిర్వాహకులు ఆలోచించాలి.