పది రూపాయల స్క్రూ, అటకెక్కిన టెలిస్కోపు

నేను చూసినంతలో, మనవాళ్ళ ఇళ్ళల్లో అటకెక్కిన టెలిస్కోపుల్లో అద్దం పగిలినవి, లెన్సుకి బూజు పట్టినవి తక్కువే. ఎక్కువ భాగం ఫోకసర్ దగ్గర ఓ చిన్న స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయినవి, లేదా తర్వాత కొన్న ఐపీసు గొట్టంలో పట్టక వదిలేసినవి. పిల్లాడికి శనిగ్రహం చూపిద్దామని అమెరికా నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చిన వస్తువు పది రూపాయల స్క్రూ లేక మూలపడుతుంది. ఈలోగా పిల్లాడి ఆసక్తి కూడా అటకెక్కేస్తుంది. అసలు నష్టం అదీ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. స్క్రూ పోయిందని కొత్త ఫోకసర్ కొనకండి. అలాగని దగ్గరదగ్గరగా ఉన్న స్క్రూ ఏదో ఒకటి తెచ్చి బిగించకండి. కొలిచి కొనండి.

కొలవడం బ్రహ్మవిద్యేం కాదు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వెర్నియర్ కాలిపర్స్, స్క్రూ గేజ్ పట్టుకుని రికార్డు నింపినవాళ్ళమే కదా మనలో చాలామంది (మార్కుల కోసమే అనుకోండి!). అప్పుడు బట్టీ పట్టిన 'పిచ్' ఇప్పుడు పనికొస్తుంది. స్క్రూకి రెండు లెక్కలు కావాలి: వ్యాసం, పిచ్. మన దగ్గర దొరికే ఎం4 వ్యాసం 4 మి.మీ., పిచ్ 0.7 మి.మీ. అమెరికా లెక్కలో వచ్చే 8-32 వ్యాసం 4.17 మి.మీ., అంగుళానికి 32 థ్రెడ్లు కాబట్టి పిచ్ 0.79 మి.మీ. కంటికి రెండూ కవలపిల్లలే. అందుకే ఒక్క థ్రెడ్ కాకుండా పది థ్రెడ్ల పొడవు కొలవండి. 7 మి.మీ. వస్తే ఎం4, దాదాపు 8 వస్తే 8-32. ఫోకసర్‌కి రెండు మూడు స్క్రూలు ఉంటే, మిగిలినదాన్ని విప్పి కొలిస్తే సరిపోతుంది.

ఇది మనకి కొత్త తలనొప్పి కూడా కాదు. అసెంబుల్డ్ పీసీలు విప్పినవాళ్ళని అడగండి. 3.5 అంగుళాల హార్డ్‌డిస్కుకి 6-32, సీడీ డ్రైవుకి ఎం3. ఒకదాని స్క్రూ ఇంకోదానికి పెడితే ఏమవుతుందో వాళ్ళకి బాగా తెలుసు.

కొలవడానికి పాత స్క్రూ లేకపోతే షాపుకి ఫోకసర్‌నే తీసుకెళ్ళండి. సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట హార్డ్‌వేర్ షాపువాళ్ళు నాలుగు రకాలు ముందు పెడతారు. వేళ్ళతోనే నాలుగైదు చుట్లు సాఫీగా వెళ్ళాలి. రెండు చుట్లకే పట్టేసిందంటే అక్కడితో ఆపెయ్యాలి, స్క్రూడ్రైవర్ తీయకూడదు. ఫోకసర్ బాడీ సాధారణంగా అల్యూమినియం. స్టీలు స్క్రూతో కుస్తీ పడితే ఎప్పుడూ అల్యూమినియమే ఓడుతుంది. థ్రెడ్ పోయిందంటే లేత్ షాపుకెళ్ళి ఒక సైజు పెద్ద ట్యాప్ కొట్టించాల్సిందే.

ఇంకో రెండు సంగతులు. ఐపీసుని పట్టుకునే స్క్రూ మొన నైలాన్‌దో ఇత్తడిదో అయితే మంచిది. మొనదేలిన స్టీలు స్క్రూ ఐపీసు గొట్టం మీద గీతలు పెడుతుంది. పొడవు కూడా చూసుకోవాలి. పొట్టిదైతే రెండు థ్రెడ్ల మీదే బరువంతా వేలాడుతుంది. ఐపీసుకైతే పర్లేదేమో గానీ, అక్కడ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా తగిలిస్తే అది కిందపడటానికి ఎంతోసేపు పట్టదు.

ఇక అడాప్టర్లు. ఐపీసుల్లో పాత చవకరకం టెలిస్కోపులది 0.965 అంగుళం, ఇప్పుడు మామూలుగా వచ్చేది 1.25, పెద్దది 2 అంగుళాలు. ఇంతవరకు సులువే. కెమెరా దగ్గరే అసలు తిరకాసు. టీ రింగు థ్రెడ్ వ్యాసం 42 మి.మీ., పిచ్ 0.75. పాత పెంటాక్స్ కెమెరాల స్క్రూ మౌంట్ కూడా 42 మి.మీ.నే, కానీ పిచ్ 1. ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. '42 ఎంఎం అడాప్టర్' అని మాత్రమే రాసి అమ్మేవాడి దగ్గర కొనకపోవడమే మేలు.

పట్టినంత మాత్రాన పని అయినట్టు కాదు. కెనాన్ ఈఎఫ్ మౌంటులో సెన్సారు 44 మి.మీ. లోపలుంటుంది, టీ రింగుతో కలిపి 55. చిన్న న్యూటోనియన్ టెలిస్కోపుల్లో ఫోకసర్ అంత లోపలికి వెళ్ళదు. చంద్రుడు మసకగానే ఉంటాడు, మనం కెమెరాని తిట్టుకుంటాం. అక్కడ ఇంకో అడాప్టర్ తగిలిస్తే దూరం పెరుగుతుందే గానీ తగ్గదు. ఫోకస్‌ని బయటికి నెట్టే బార్లో లెన్సు పెట్టి చూడాలి, లేదా తక్కువ ఎత్తున్న అడాప్టర్ వెతకాలి. మూడు అడాప్టర్లు ఒకదానికొకటి తగిలించడమంటే రాపర్ మీద రాపర్ రాసిన కోడు లాంటిదే. ప్రతి అతుకు దగ్గరా కాస్త వాలు, కాస్త ఊగులాట.

"ఇంత గోల ఎందుకు, ఫోకసర్ మొత్తం మార్చేస్తే పోలా?" అనేవాళ్ళుంటారు. అమ్మేవాళ్ళు కూడా "ఆ స్పేరు విడిగా రాదండీ" అని అదే అంటగడతారు. కొత్త ఫోకసర్ బోల్టు రంధ్రాలు మీ గొట్టానికి సరిపడతాయన్న గ్యారంటీ ఏం లేదు. సరిపడకపోతే గొట్టానికి చిల్లులు పెట్టాలి. ఒక స్క్రూ సమస్య కాస్తా నాలుగు బోల్టుల సమస్య అవుతుంది. ఫోకసర్ పళ్ళు అరిగిపోతేనో గొట్టం వంగిపోతేనో మార్చండి, తప్పులేదు.

నా అసలు కోపం తయారీదార్ల మీద. స్క్రూ థ్రెడ్లకి దేశమంతా ఒకే ప్రమాణం ఉండాలని విట్‌వర్త్ అనే బ్రిటిష్ ఇంజనీరు 1841లోనే చెప్పాడు. ఇప్పటికీ ఎన్నో టెలిస్కోపు మాన్యువల్స్‌లో నక్షత్రాల బొమ్మలు రంగుల్లో ఉంటాయి గానీ, 'ఈ స్క్రూ ఎం4, పొడవు 8 మి.మీ.' అనే ఒక్క లైను ఉండదు. మనం ఇంటర్‌ఫేస్ డాక్యుమెంట్ చేయకుండా మాడ్యూల్ ఇస్తే రివ్యూలో ఊరుకుంటారా? కొనేటప్పుడు ఆ లైను అడుగుదాం. పదిమంది అడిగితే పదకొండోవాడికి రాసిస్తారు.

అప్పటిదాకా ఓ పని చెయ్యండి. స్క్రూలన్నీ ఉన్నప్పుడే కొలిచి, ఆ సైజులు ఒక కాగితం మీద రాసి టెలిస్కోపు పెట్టె మూతకి అంటించండి. రెండేసి స్పేర్లు చిన్న కవర్లో వేసి అందులోనే పడెయ్యండి. శనివారం రాత్రి మేడమీద చీకట్లో స్క్రూ జారిపడితే, శనిగ్రహం కోసం సోమవారం షాపు తెరిచేదాకా ఆగక్కర్లేదు.