చెంబు కాదు, మూత

సంక్రాంతికి నిప్పట్లు కాలుస్తుంటే బాణలిలో నూనె అంటుకుంది. నా చెయ్యి నీళ్ల చెంబు మీదికే పోయింది. అత్తమ్మ ఆపి, గ్యాస్ కట్టేసి, పక్కనుంచి మూత జరిపింది.

మా కర్నూలు పల్లెల్లో గడ్డివామి అంటుకుంటే బిందెలతో పరిగెత్తడం అలవాటు. వామికి అది సరే. కాగిన నూనెలో నీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరై మంటను ఎగజిమ్ముతాయి.

నీళ్ల ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా అంతే. గడ్డి, కట్టె, బట్టలు, కాగితాలకే పనికొస్తుంది. నూనెకు, కరెంటుకు వాడకూడదు. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తుతో పాటు, అది ఏ మంటలకో దాని మీదే చదవండి. వాడేటప్పుడు వాకిలి మీ వెనక ఉండాలి. పిన్ను లాగి మంట మొదట్లో కొట్టండి. ఆరకపోతే బయటికొచ్చి 101కి ఫోన్ చేయండి.

పొయ్యి దగ్గర నిలబడేది మనమే. అందుకే ఏది కొనాలో చెప్పాల్సిందీ, వాడటం నేర్చుకోవాల్సిందీ ముందు మనమే.