మూడో పెనాల్టీ కొట్టినవాడు

నాలుగు పెనాల్టీలు కొట్టారు. నాలుగూ గోల్‌కీపర్ల చేతుల్లోనే ఆగిపోయాయి.

1986 మే 7 రాత్రి. స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో యూరోపియన్ కప్ ఫైనల్. ఒకవైపు బార్సిలోనా, సొంత దేశంలో, సొంత జనం మధ్య. రెండోవైపు రుమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి వచ్చిన స్తెయావా. రెండు గంటలు ఆడినా ఎవరికీ గోల్ పడలేదు. షూటవుట్ మొదలైంది. స్తెయావా నుంచి మజారు కొట్టాడు, ఉర్రూతి ఆపాడు. బార్సిలోనా నుంచి అలెక్సాంకో కొట్టాడు, డుకాడమ్ ఆపాడు. బొలొని కొట్టాడు, అదీ పోయింది. పెద్రాసా కొట్టాడు, అదీ పోయింది. ఆ రాత్రికి ఇక గోల్ అనేది రాసిపెట్టి లేదేమో అనిపించే ఘడియలో, స్తెయావా మూడో కిక్కుకి ఒక కుర్రాడు నడిచి వచ్చాడు. ఇరవై రెండేళ్లు నిండి నెల దాటింది. వీపు మీద 7వ నంబరు. పేరు మారియస్ లకటూష్.

కీపర్‌ని ఏమార్చి మూలకు మెల్లగా నెడదామని చూడలేదు. కాలిలో ఉన్న సత్తువంతా పెట్టి పైకి బాదాడు. బంతి క్రాస్‌బార్ అడుగుకి తగిలి లోపల పడింది. కాస్త ఎత్తుకు లేచి ఉంటే గుంపులోకి పోయేది, ఆ తర్వాత చరిత్ర ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ గోల్‌తో ముడి వీడింది. పీచి అలోన్సో కొట్టినదాన్ని డుకాడమ్ ఆపాడు, బలింత్ గోల్ చేశాడు, మార్కోస్ కొట్టినదాన్నీ డుకాడమే ఆపాడు. రెండు - సున్నా. తూర్పు యూరప్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్ స్తెయావా.

నాలుగింటికి నాలుగూ ఆపిన హెల్ముత్ డుకాడమ్‌ని ‘సెవిల్ వీరుడు’ అన్నారు. 2024 డిసెంబర్‌లో ఆయన పోయినప్పుడు ప్రపంచమంతా ఆ రాత్రినే తలుచుకుంది. అది ఆయనకు దక్కాల్సిన గౌరవమే. ఆయన వాటా తగ్గించడం నా ఉద్దేశం కాదు. కానీ ఎంత గొప్ప కీపరైనా మ్యాచ్‌ని ఓడిపోకుండా కాపాడగలడు, అంతే. గెలవాలంటే ఎవరో ఒకరు ముందుకెళ్లి బంతిని వలలోకి పంపాలి. ఇద్దరు అనుభవజ్ఞులు తప్పిన చోట మొదటి గోల్ వేసిన ఆ కుర్రాడి గురించి ఈ వారం రాయాలని కూర్చున్నాను.

కారణం మా మేనల్లుడు. ఇంజనీరింగ్ చదువుతున్నాడు, రాత్రుళ్లు మేలుకుని యూరప్ లీగులు చూస్తాడు, ఆటగాళ్ల అంకెలు వాడి నాలుక మీద ఉంటాయి. నేను లకటూష్ పేరెత్తితే ఫోన్‌లో చూసి, “ఇటలీలో ఒక్క సీజన్, స్పెయిన్‌లో రెండు, మళ్లీ సొంతూరికే. అంటే బయట నెగ్గుకురాలేకపోయాడనేగా మావయ్యా?” అన్నాడు. వాడిని తప్పుపట్టను. ఇవాళ ఫుట్‌బాల్ చూసే తరం మొత్తానికి కొలబద్ద అదే. ఎవరు ఎంతకు కొన్నారు, ఏ పెద్ద లీగులో ఎన్నేళ్లు నిలిచాడు. ఆ కొలబద్ద లకటూష్ విషయంలో శుద్ధ తప్పు అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అతను 1964 ఏప్రిల్‌లో బ్రషోవ్‌లో పుట్టాడు. కార్పాతియన్ కొండల పక్కన ఉన్న పారిశ్రామిక పట్టణం అది. లారీల ఫ్యాక్టరీ ఒకటి అప్పట్లో ఆ ఊరికి ప్రాణం, దాని పేరు ‘స్తెయాగుల్ రోషు’, అంటే ఎర్రజెండా. ఊరి ఫుట్‌బాల్ క్లబ్ కూడా చాలాకాలం ఆ పేరుతోనే ఆడింది. లకటూష్ ఆ క్లబ్‌లోనే ఎదిగి, 1983లో బుకారెస్ట్ చేరి స్తెయావాలో కలిశాడు. స్తెయావా అంటే నక్షత్రం. అప్పట్లో అది సైన్యం క్లబ్. దాని ఆగర్భశత్రువు డినామో, హోంశాఖ జట్టు. పోలీసు జట్టు ఊరి పరువు మోయడం హైదరాబాద్ పాతతరానికి తెలిసిన సంగతే. రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. అయితే రుమేనియాలో క్లబ్ వెనక శాఖ ఉండటంతో కథ ఆగలేదు. స్తెయావా వెనక నియంత చౌషెస్కు పెద్దకొడుకు వాలెంటిన్ ఉన్నాడు.

ఈ మాట దాటేసి లకటూష్‌ని పొగడటం నిజాయితీ కాదు. 1986 జూన్ నుంచి 1989 సెప్టెంబర్ దాకా స్తెయావా దేశవాళీ లీగులో 104 మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. ఆ అంకె చూసి అబ్బురపడతాం, ఆ వెంటనే అనుమానపడతాం. అనుమానపడాలి కూడా. 1988 రుమేనియా కప్ ఫైనల్లో డినామో మీద ఆఖరి నిమిషాల్లో బలింత్ వేసిన గోల్‌ని ఆఫ్‌సైడ్ అని కొట్టేస్తే, స్తెయావా జట్టు మైదానం వదిలి వెళ్లిపోయింది. వెళ్లిపోయిన జట్టుకే తర్వాత కప్పు ఇచ్చారు! నియంత కూలాక ఆ కప్పుని స్తెయావా వదులుకుంది. పాలకుడి కుటుంబం అండ ఉన్న జట్టు ముందు రిఫరీ చెయ్యి వణకదని నేను ప్రమాణం చేయలేను.

కానీ సెవిల్‌లో రిఫరీ చౌషెస్కు మనిషి కాదు. ఆ కప్పు సెమీఫైనల్లో బెల్జియం జట్టు ఆండర్‌లెక్ట్ చేతిలో మొదటి మ్యాచ్ 0-1 తేడాతో ఓడి, రెండోది 3-0 తేడాతో గెలిచినప్పుడు ఏ వాలెంటినూ మైదానంలోకి దిగలేదు. 1988లో యూరోపియన్ కప్ సెమీస్, 1989లో మళ్లీ ఫైనల్. ఆ ఫైనల్లో గులిత్, వాన్ బాస్టెన్‌ల మిలాన్ 4-0తో చిత్తు చేసిందనుకోండి. అయినా నాలుగేళ్లలో రెండు ఫైనళ్లు ఆడిన జట్టుని నకిలీ అనడానికి నోరు రాదు. ఆ జట్టు కుడివైపు గీత వెంబడి పరిగెత్తినవాడే లకటూష్.

వింగర్ పని వినడానికి తేలిక. టచ్‌లైన్ పట్టుకుని నిలబడు, బంతి వస్తే డిఫెండర్‌ని దాటు, మధ్యలోకి క్రాస్ ఇవ్వు. చేయడం కష్టం. మధ్యలో ఆడేవాడికి నాలుగు దిక్కులూ ఉంటాయి, వింగర్‌కి ఒక పక్క గోడలాంటి గీత. బంతి తన దగ్గరికి వచ్చేదాకా నిమిషాల తరబడి ఊరికే ఎదురుచూడాలి. వచ్చాక రెండు మూడడుగుల్లో తేల్చేయాలి. లకటూష్‌కి ఆ మొదటి అడుగుల్లో మెరుపుండేది. కుడివైపు ఉంటూనే హఠాత్తుగా లోపలికి కోసుకొచ్చి గోల్ మీదికి బాదేవాడు. ఒళ్లు రాసుకునే ఆటకి జంకేవాడు కాదు, కోపమూ ఎక్కువే. రుమేనియా అభిమానులు అతన్ని ‘ఫియారా’ అన్నారు. మృగం అని అర్థం. ప్రేమతో పెట్టిన పేరే.

ఇంటిపేరుకి ఇంకో అర్థం ఉంది. ఆ భాషలో లకటూష్ అంటే తాళాలు బాగుచేసేవాడు. అతను ఆడిన దేశమంతా తాళం వేసి ఉండేది. విదేశీ అప్పు తీర్చాలని చౌషెస్కు పంటనీ సరుకునీ ఎగుమతి చేసేస్తుంటే, ఇంట్లో రొట్టెకీ నూనెకీ పంచదారకీ రేషన్. చలికాలంలో గదులు వెచ్చబడవు. టీవీ ప్రసారం మామూలు రోజుల్లో రెండు గంటలు, అందులోనూ ఎక్కువ భాగం ఆయన ముఖమే. బుకారెస్ట్ జనం యాంటెన్నాలు బల్గేరియా వైపు తిప్పుకుని ఫుట్‌బాల్ చూసేవాళ్లు. 1987 నవంబర్ 15న లకటూష్ పుట్టిన ఊళ్లో, ఆ లారీల ఫ్యాక్టరీ కార్మికులే వీధిలోకొచ్చి నియంతకి వ్యతిరేకంగా నినాదాలు చేశారు. పోలీసులు వాళ్లని పట్టుకుని హింసించారు, వేరే ఊళ్లకు పంపేశారు.

ఆ తాళం ఆటగాళ్లకీ ఉంది. యూరప్ కప్పు గెలిచినా విదేశీ క్లబ్‌కి వెళ్లే వీల్లేదు. ముప్ఫై దాటాక ఒకరిద్దరికి అనుమతి దొరికేది, వయసులో ఉన్నవాడికి లేదు. స్తెయావాకే చెందిన మార్చెల్ రదుకాను 1981లో పశ్చిమ జర్మనీకి ఆడటానికి వెళ్లి, ఇక తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయాడు. దేశానికి అతను ద్రోహి అయ్యాడు. లకటూష్ ముందున్న దారులు ఆ రెండే. ఉండిపోవడం, లేదా పారిపోవడం. ఇరవై రెండు నుంచి ఇరవై ఐదు, వింగర్ కాళ్లకు బంగారు కాలం. ఆ కాలమంతా అతను ఉండిపోయాడు. మా వాడి ఫోన్‌లో ఆ ఏళ్లకి ‘విదేశాల్లో’ అన్న గడి ఖాళీగా కనిపిస్తే, ఆ ఖాళీ అతని ఆటది కాదు.

1989 నవంబర్ 15. బ్రషోవ్ తిరుగుబాటుకి సరిగ్గా రెండేళ్లు. బెర్లిన్ గోడ పడి వారం కాలేదు. బుకారెస్ట్‌లో రుమేనియా 3-1తో డెన్మార్క్‌ని ఓడించి, ఇరవై ఏళ్ల తర్వాత ప్రపంచకప్‌కి అర్హత సంపాదించింది. మరో నెలకి టిమిషోవారాలో తుపాకులు పేలాయి, క్రిస్మస్ రోజున చౌషెస్కు దంపతులకి మరణశిక్ష అమలైంది. 1990 జూన్‌లో ఇటలీకి వచ్చిన ఆ జట్టు, స్వేచ్ఛలో ఆరు నెలల పసిబిడ్డ.

మొదటి మ్యాచ్ బారీలో, సోవియట్ యూనియన్ మీద. రుమేనియా మహా ఆటగాడు హాజీ సస్పెన్షన్ వల్ల ఆడలేదు. భారం కుడి వింగ్ మీద పడింది. విరామానికి కాస్త ముందు లకటూష్ డిఫెన్స్ వెనక్కి దూసుకెళ్లి, దసాయెవ్‌కీ దగ్గరి స్తంభానికీ మధ్య నుంచి కొట్టాడు. దసాయెవ్ అంటే ఆ దశాబ్దపు గొప్ప కీపర్లలో ఒకడు. సోవియట్ జట్టుకి ఆ మ్యాచే అతని చివరిది. రెండో సగంలో పెనాల్టీ, అదీ లకటూషే కొట్టాడు. నిజం చెప్పాలి, సోవియట్ డిఫెండర్ చేతికి బంతి తగిలింది పెనాల్టీ గీత బయట. రిఫరీ పొరబడ్డాడు. అది ఫ్రీకిక్ కావాల్సింది. కానీ మొదటి గోల్‌కి ఎవరి పొరపాటూ సాయం చేయలేదు. 2-0. నలభై ఏళ్లు ఎవరి నీడలో బతికిందో ఆ దేశం మీద, గెలిపించింది బ్రషోవ్ కుర్రాడు. తర్వాత ఐర్లాండ్ మీద రెండో రౌండ్‌లో రుమేనియా పెనాల్టీలతో ఓడింది. ఆ రోజు జట్టులో లకటూష్ లేడు. టిమోఫ్తె కొట్టినదాన్ని ఐర్లాండ్ కీపర్ బానర్ ఆపుతుంటే సెవిల్ క్రాస్‌బార్ గుర్తురానివాళ్లు రుమేనియాలో ఉండి ఉండరు.

ఆ వేసవిలో తలుపులు తెరుచుకున్నాయి. హాజీ రియల్ మాడ్రిడ్‌కి, పొపెస్కు హాలండ్‌కి, లకటూష్ ఇటలీలోని ఫియొరెంటీనాకి. అప్పటికి ఇరవై ఆరేళ్లు. కొత్త భాష, కొత్త ఆట, డబ్బుతో నడిచే కొత్త లోకం, అన్నీ ఒకేసారి. ప్రపంచంలో డిఫెండర్లు అంత కరకుగా ఉన్న లీగు ఆ రోజుల్లో ఇంకోటి లేదు. ఒక సీజన్‌తో అది అయిపోయింది. స్పెయిన్‌లో ఒవియేదోకి రెండేళ్లు ఆడి, 1993లో స్తెయావాకి తిరిగొచ్చాడు.

మా మేనల్లుడు ‘మళ్లీ సొంతూరికే’ అన్నది దీన్నే. కానీ వచ్చాక ఏం చేశాడో చూడాలి. 1985 నుంచి 1989 దాకా స్తెయావా ఐదు లీగు టైటిళ్లు గెలిచింది, అన్నింట్లో అతనున్నాడు. తిరిగొచ్చాక 1994 నుంచి 1998 దాకా ఇంకో ఐదు, అన్నింట్లో అతనున్నాడు. మొత్తం పది. మొదటి ఐదింటి మీద వాలెంటిన్ నీడ పడిందని ఎవరైనా అంటే నేను వాదించను. రెండో ఐదు గెలిచిన నాటికి నియంతా లేడు, నియంత కొడుక్కి పెత్తనమూ లేదు. ఛాంపియన్స్ లీగ్ గ్రూపుల్లోకి స్తెయావా వరసగా మూడేళ్లు వెళ్లింది. వలస వెళ్లినవాడు తిరిగొచ్చి పొలం చూసుకుంటే మన పల్లెల్లోనూ ‘అక్కడ అచ్చిరాలేదు’ అంటారు. పొలం ఎలా పండిందో మాత్రం అడగరు.

అతని జీవితంలో నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఫియొరెంటీనా కాదు, 1994. రుమేనియా చరిత్రలో గొప్ప జట్టు ఆ ఏడాది అమెరికా ప్రపంచకప్‌కి వెళ్లి, అర్జెంటీనాని 3-2తో ఇంటికి పంపి, క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో పెనాల్టీల మీద ఓడింది. ఆ జట్టులో లకటూష్‌ని తీసుకోలేదు. తీసుకోని కోచ్ అంగెల్ యోర్దనెస్కు. సెవిల్ ఫైనల్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగి, ఆ పెనాల్టీలప్పుడు మైదానంలో ఉన్నవాడు! యోర్దనెస్కు లెక్క తప్పని నేననను. జట్టు ఆడిన తీరే అతనికి జవాబు. అయినా స్టాన్‌ఫర్డ్ స్టేడియంలో ఆ షూటవుట్ నడుస్తుంటే, అలాంటి చోట బంతి పెట్టి గోల్ కొట్టినవాడు ఇంట్లో కూర్చుని టీవీ చూస్తుండాలి. నాకు మింగుడుపడదు.

అదే యోర్దనెస్కు 1996 యూరో కప్‌కీ, 1998 ప్రపంచకప్‌కీ అతన్ని మళ్లీ పిలిచాడు. ఫ్రాన్స్‌కి వెళ్లేనాటికి లకటూష్‌కి ముప్ఫై నాలుగేళ్లు. వింగర్‌కి అది తాత వయసు. చొక్కా నంబరు అప్పుడూ 7.

ఇదంతా చెప్పాక మా వాడు ఏమీ అనలేదు. సెవిల్ షూటవుట్ వీడియో వెతికి పెట్టుకున్నాడు. మూడో కిక్కు దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. “మావయ్యా, ఇతను పరిగెత్తుకొచ్చేటప్పుడు కీపర్‌ని అసలు చూడటమే లేదు” అన్నాడు.