ఆ కంపులో కొత్త జాతులు!

తొలకరి చినుకులు పడగానే కొండాపురం చేలల్లో కమ్మని వాసన లేస్తుంది. మట్టి వాసన అంటాం గానీ అది స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ ఘుమఘుమ. అదే సముద్రతీరంలోని మడ అడవికి వెళ్లి పిడికెడు బురద తీసి చూడండి. కుళ్లిన కోడిగుడ్డు కంపు! అదీ బ్యాక్టీరియా చలవే. గాలి చొరని ఆ నల్లబురదలో కొన్ని సూక్ష్మజీవులు ఉప్పునీటిలోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి. మనం ముక్కు మూసుకునే ఆ వాయువే మరికొన్నిటికి అన్నం. ఊదాగానో ఎర్రగానో ఉండే ఈ రెండో రకం, ఆకుల్లాగే వెలుతురుతో బతుకుతాయి. కాకపోతే ఆక్సిజన్ వదలవు.

హైదరాబాద్‌లో చింతలపాటి శశికళ (జేఎన్‌టీయూ), చింతలపాటి వెంకటరమణ (హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం) బృందాలు ఏళ్లతరబడి వెతికింది వీటికోసమే. ఒడిశాలోని భితర్‌కనికా మడ అడవి నుంచి వాళ్లకు దొరికిన ఓ జీవి తెలిసిన ప్రజాతుల్లో దేనిలోనూ ఇమడలేదు. దాంతో 2008లో ఏకంగా కొత్త ప్రజాతినే ఏర్పాటు చేశారు. పేరు థయోఫియోకాకస్ మాంగ్రోవీ. పలకడానికి నోరు తిరగదు గానీ విప్పి చూస్తే జాతకమంతా అందులోనే ఉంది. థయో అంటే గంధకం, ఫియో అంటే గోధుమ రంగు, కాకస్ అంటే గుండ్రటిది. మాంగ్రోవీ అంటే మడ అడవిది అని!

మరి, కంటికి కనిపించని జీవి కొత్తదో పాతదో తేల్చేదెలా? ముందు బురదను పోషకాలు కలిపిన నీళ్లతో గాజుసీసాలో నిండా నింపి, గాలి చొరకుండా బిగించి, బల్బు వెలుతురులో ఉంచుతారు. కొన్నాళ్లకు సీసా రంగు తిరుగుతుంది. అందులో ఉండేది ఒక్క రకం కాదు. పలచన చేస్తూ, విడివిడిగా పెంచుతూ, మళ్లీ పలచన చేస్తూ... ఒకే కణం నుంచి పుట్టిన సంతానం చేతికొచ్చేదాకా అదే పని. బియ్యంలో రాళ్లేరడం దీనిముందు నయం.

ఆపైన 16ఎస్ అనే జన్యువును చదువుతారు. సుమారు 1500 అక్షరాల పొడవుండే దాన్ని ప్రపంచమంతా నమోదు చేసిన వివరాలతో పోలుస్తారు. ఒకప్పుడు 97 శాతం కంటే తక్కువ కలిస్తే కొత్త జాతి అనేవారు. తర్వాత ఆ గీతను 98.7 దగ్గరికి జరిపారు. ఇప్పుడైతే మొత్తం జన్యురాశినే చదివేస్తున్నారు. అది ఒక్కటీ చాలదు. ఎంత ఉప్పు తట్టుకుంటుంది, ఏం తింటుంది, కణంలో ఏ కొవ్వులున్నాయి... పెళ్లిసంబంధానికి ఆరా తీసినట్టు అన్నీ చూడాలి. చివరికి సజీవ నమూనాను రెండు వేర్వేరు దేశాల కల్చర్ భాండాగారాల్లో దాచాలి. అప్పుడే పేరు చెల్లుతుంది.

మన ఊళ్లూ ఈ జాబితాకెక్కాయి. 2007లో విశాఖ తీరపు నీటిలో దొరికినదానికి రోడోవ్యులమ్ విశాఖపట్నమెన్స్ అని పేరు పెట్టారు. ఆక్వా చెరువుల్లో దొరికినవాటికి థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, థయోరోడోకాకస్ భీమ్లికస్ అన్నారు. రొయ్యలకు విషమయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుని బతికే కుటుంబమే ఇది.

'ఇంత చేసి ఏం లాభం' అనేవాళ్లకు ఒక ముచ్చట. అమెరికాలోని మిస్సోరి పొలం మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. దాన్నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ మందు వచ్చింది. కనుగొన్నది బెంజమిన్ డుగ్గర్. అప్పుడు ఆ లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పాత మందులకు క్రిములు లొంగనంటున్న ఈ రోజుల్లో అందరి చూపూ మళ్లీ మట్టి మీదే. ఇప్పటిదాకా పద్ధతిగా పేరు పెట్టుకున్న బ్యాక్టీరియా ఇరవై వేల పైచిలుకు. బురదలో ఉన్నవాటిలో చాలా భాగం ప్రయోగశాల సీసాలో పెరగనే పెరగవు. ఈలోగా మన తీరంలో ఎన్నోచోట్ల మడను నరికి రొయ్యల చెరువులు తవ్వేశారు. కాకినాడ పక్కన కోరింగ అడవి మిగిలిందంటే, 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించబట్టే. పోయిన మడల బురదలో ఏమేం ఉండేవో ఇక ఏ సీసాలోనూ పెంచి చూడలేరు.