గన్నేరు అంటే ఏ గన్నేరు?



ఈసారి బీపీ, షుగరు, టీకాల గురించి కాకుండా పూల చెట్ల గురించి రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో పూల చెట్లేమిటని కొందరు అనుకోవచ్చు. మా కాంపౌండులో 2023 ఆగస్టులో జరిగిన సంగతి చదివితే ఎందుకు రాస్తున్నామో మీకే తెలుస్తుంది.

పిల్లల వార్డు వెనక గోడ పొడుగునా పచ్చ గన్నేరు చెట్లు ఉండేవి. అవి వాటంతట అవి మొలిచినవి కావు, మేమే నాటించాము. నీళ్ళు పెద్దగా అక్కర్లేదు, మేకలు ముట్టవు, దాదాపు ఏడాదంతా పసుపు పూలు పూస్తాయి. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూసే తల్లులకు కంటికి చల్లగా ఉంటుందనుకున్నాము. విషం చెట్టని మాకు తెలియక కాదు. నర్సింగు చదువుకున్న రోజుల్లోనే విన్నాము. విన్నది ఒకచోట, నాటింది ఒకచోట అయిపోయింది.

వార్డులో ఉన్న ఒక బాబుకు జ్వరం. వాడి అన్న, ఆరేళ్ళవాడు, అమ్మమ్మతో వచ్చి గోడ దగ్గర ఆడుకుంటూ రాలిన కాయను రాయితో కొట్టి, లోపలి గింజ నమిలాడు. కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. "గన్నేరు కాయ తిన్నాడమ్మా" అని అమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది. అప్పుడు డ్యూటీలో ఉన్న సిస్టరుకు గన్నేరు అంటే రోడ్డు మధ్య డివైడరులో పూసే గులాబి రంగు గన్నేరే తెలుసు. దానికి సన్నగా పొడుగ్గా చిక్కుడు లాంటి కాయ ఉంటుంది, పిల్లలు తినేటట్లు ఉండదు. "ఏ గన్నేరు అవ్వా?" అని అడిగితే, ఆ పెద్దావిడ కొంగు ముడి విప్పి సగం కొరికిన కాయను చేతిలో పెట్టింది. డాక్టరు గారు దాన్ని చూడగానే ఇ.సి.జి. తీయించారు. గుండె వేగం తగ్గుతూ ఉంది. వెంటనే ఆంబులెన్సులో, తాత్కాలిక పేస్‌మేకరు పెట్టే వసతి ఉన్న పెద్దాసుపత్రికి పంపించాము. దేవుని దయవల్ల నాలుగో రోజుకు వాడు నవ్వుతూ తిరిగొచ్చాడు. ఆ అమ్మమ్మ కాయ తీసుకురాకపోయి ఉంటే మేము ఎంత సమయం పోగొట్టుకునేవాళ్ళమో తలుచుకుంటే ఇప్పటికీ మాకు భయమే.

సంగతి అక్కడితో అయిపోలేదు. మరునాడు ఉదయం ప్రేయరు కాగానే తోటపని చూసే మనిషిని పిలిచి, "ఆ గన్నేరు చెట్లు కొట్టేయి" అని చెప్పి రౌండ్సుకు వెళ్ళిపోయాము. సాయంత్రం వచ్చి చూస్తే చాపెలు ముందున్న దేవగన్నేరు నేలమీద ఉంది. లాంతరు పట్టుకుని ప్రమాణం చేసిన మా నర్సింగు పిల్లలు ఎన్నో బ్యాచీలుగా దాని కిందే ఫోటోలు దిగారు. వార్డు వెనక పచ్చ గన్నేరు మాత్రం పూలతో అలాగే నిలబడి ఉంది. అతనిని తప్పు పట్టడానికి లేదు. వాళ్ళ ఊళ్ళో గన్నేరంటే అదే. మేము చెప్పిన మాటలోనే సగం లోపం ఉంది.

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయంలో ఎలీషా కాలపు సంగతి మీకు జ్ఞాపకం ఉంటుంది. గిల్గాలులో కరవు. వంటకు ఆకుకూరలు ఏరడానికి పొలంలోకి వెళ్ళిన ఒకడు, అవేమిటో ఎరుగకుండానే ఏదో అడవి తీగ కాయలు ఒడినిండా తెచ్చి కుండలో తరిగి వేశాడు. నోట పెట్టాక గాని అది విషమని తెలియలేదు. ప్రవక్త పిండి తెప్పించి కుండలో వేస్తే దోషం పోయింది. మా ఎమర్జెన్సీ గదిలో అలాంటి పిండి లేదు. అందుకే తెచ్చిన కాయ పేరు ముందే తెలిసి ఉండాలంటున్నాము.

మన తెలుగులో గన్నేరు అనే ఒక్క పేరు కింద నాలుగు మొక్కలున్నాయి. మామూలు గన్నేరుకు ఆకులు ఒక్కో కణుపు దగ్గర మూడేసి వస్తాయి, దళసరిగా ఉంటాయి. పూలు తెలుపు, గులాబి, ఎరుపు. పచ్చ గన్నేరు ఆకులు సన్నగా, నిగనిగలాడుతూ ఒక్కొక్కటిగా కొమ్మ చుట్టూ ఉంటాయి. పువ్వు పసుపు గంటలా ఉంటుంది, కొన్ని చెట్లకు నారింజ రంగు, తెలుపు కూడా. కాయ ఆకుపచ్చగా, మూలలు తేలి, పండితే నల్లబడుతుంది. ఈ రెండూ గుండె మీద పనిచేసే విషాలే, ఆకు, పువ్వు, కొమ్మ, గింజ అన్నీ విషమే. మూడోది దేవగన్నేరు. లావుపాటి మొద్దు కొమ్మలు, జానెడుకు మించిన ఆకులు, తెల్లటి రేకులకు నడుమ పసుపు, మంచి వాసన. చలికాలంలో ఆకు రాల్చి మోడులా నిలబడుతుంది. దీని పాలు చర్మానికి, కంటికి మంట పుట్టిస్తాయి కాబట్టి కొమ్మ విరిచాక చేతులు కడుక్కోవాలి, కాయ, పాలు నోట పెట్టకూడదు. కాని మొదటి రెండింటిలా గుండెను ఆపే చెట్టు కాదు. నాలుగోది బిళ్ళ గన్నేరు, మోకాలెత్తు మొక్క. పిల్లలకు వచ్చే రక్తపు క్యాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్ అనే మందు ఈ మొక్కలోంచే వచ్చింది. ఆ మాట విని కొందరు షుగరుకని దీని ఆకులు రోజూ నమలడం, కషాయం కాయడం చేస్తున్నారు. మందు తీసే మొక్క అయినంత మాత్రాన ఆకు మందు కాదు. ఈ అలవాటు ఉన్నవారు దయచేసి మానండి.

కొట్టించిన పచ్చ గన్నేరు కొమ్మల విషయంలోనూ మేము దాదాపు ఇంకో పొరపాటు చేశాము. పేషెంట్ల వెంట వచ్చినవారు వంట చేసుకునే షెడ్డు దగ్గర వాటిని కుప్ప వేయించాము. ఎండితే పొయ్యిలోకి బాగుంటాయని ఒకావిడ మోపు కడుతుంటే వాచ్‌మన్ చూసి చెప్పాడు. గన్నేరు కర్ర పొగ కూడా మంచిది కాదు. దానితో కూర కలపడం, పుల్లకు మాంసం గుచ్చి కాల్చడం అసలే వద్దు. ఆ కొమ్మలన్నిటినీ గొయ్యి తీసి పూడ్పించాము.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి కాయ నోట్లో పెట్టుకుంటే నోరు నీళ్ళతో కడగండి. ఉప్పునీళ్ళు, చింతపండు రసం, కోడిగుడ్డు సొన తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. గొంతులో వేలు పెట్టకండి. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన బండి ఎక్కండి. ఆ చెట్టు కాయ, ఆకు, కొమ్మ ఏది దొరికితే అది సంచిలో వేసి తీసుకురండి. బిడ్డ ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి. గుండె మీద ప్రభావం కొన్ని గంటలు ఆలస్యంగా కనిపించవచ్చు, కనీసం ఒక రోజంతా మా కళ్ళముందు ఉండాలి.

ఇది పిల్లల విషయం మాత్రమే కాదని మీలో పెద్దలకు తెలుసు. ఇంట్లో మనసు విరిగినవారు, అప్పుల బాధలో, పరీక్ష తప్పిన బాధలో ఉన్నవారు ఉంటే పెరట్లో ఆ చెట్టు లేకపోవడమే మేలు. వారితో కూర్చుని మాట్లాడండి. పాస్టరు గారినో, మా డాక్టరు గారినో కలవడానికి సిగ్గుపడకండి, ఆలస్యమూ చేయకండి.

మా కమిటీలో ఒక పెద్దాయన, "హైవే మీద మైళ్ళకొద్దీ గన్నేరే కదమ్మా, మీరెందుకింత గోల చేస్తారు?" అన్నారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. దుమ్ముకూ పొగకూ తట్టుకుని, నీళ్ళు లేకుండా బతికే పూల చెట్లు ఎన్నో లేవు. డివైడరు మీద పిల్లలు ఆడుకోరు, అక్కడ ఉండనివ్వండి. బడి, అంగన్‌వాడీ, చర్చి ఆవరణ, ఆసుపత్రి, వీటిలో మాత్రం వద్దంటున్నాము.

రంగు చూసి చెట్టును గుర్తుపట్టవచ్చని చాలామంది అనుకుంటారు. పసుపు పూల చెట్లనే తీసుకోండి. గుత్తులు కిందికి దీపాల తోరణంలా వేలాడితే అది రేల, కాయ నల్లటి గుండ్రటి కర్రలా మూర పొడుగు ఉంటుంది. పూల గుత్తులు పైకి నిలబడి, మొగ్గలు తుప్పు రంగులో ఉండి, రాగి రంగు చిన్న బిళ్ళ కాయలు కాస్తే పచ్చ తురాయి. రోడ్ల పక్కన సన్నటి బల్లపరుపు కాయలు గుత్తులుగా వేసేది సీమ తంగేడు. పూలు లేనప్పుడు ఆకే సాక్ష్యం. పచ్చ తురాయి ఆకు, ఎర్ర తురాయి ఆకు ఈకలా చిన్న చిన్న రెక్కలుగా చీలి ఉంటాయి. రేల ఆకు రెక్కలు అరచేతిలో పట్టేంత పెద్దవి. ఒక్కసారి ఆకు, కాయ రెండూ చేతిలోకి తీసుకుని చూస్తే ఇక మరిచిపోరు.

ఎర్ర తురాయి గురించి రెండు మాటలు చెప్పకపోతే మా వి.బి.ఎస్. పిల్లలు ఊరుకోరు. వాళ్ళు దాని మొగ్గలు విప్పి కేసరాలతో కోడిపందేలు ఆడతారు, ఎవరిది తల తెగితే వారు ఓడినట్టు. మా దగ్గర పనిచేసిన కేరళ సిస్టర్లు దీన్ని కల్వరి పువ్వు అనేవారు. సిలువ పక్కన ఉన్న చిన్న చెట్టు మీద ప్రభువు రక్తం పడి పూలు ఎర్రబడ్డాయని వాళ్ళ పెద్దలు చెప్పే కథ. చెట్టు పుట్టిల్లు మాత్రం మడగాస్కరు దీవి, మన దేశానికి తర్వాత తెచ్చిందే. కథ కథగా బాగుంది. మే నెలలో దాన్ని చూస్తే మాకూ కళ్ళు తిప్పుకోబుద్ధి కాదు. కాని వేళ్ళు పైపైనే పాకి గోడలు, గచ్చులు లేపుతాయి, కొమ్మలు పెళుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో ఎన్ని పెద్ద చెట్లను కూల్చిందో అందరం చూశాము. ఇంటికి, కరెంటు తీగకు, సెప్టిక్ ట్యాంకుకు ముప్పై అడుగుల లోపు తురాయి వేయకండి. ఆ తుపాను తర్వాత అక్కడ త్వరగా నీడ రావాలని ఏడాకుల చెట్టును విరివిగా నాటారు. పూత సమయంలో ఘాటు వాసన భరించలేకపోతున్నామని జనం ఫిర్యాదు చేశారు. ఆయాసం ఉన్న పేషెంట్ల కిటికీ పక్కన ఘాటైన వాసన చెట్టేదీ మేమైతే వేయము.

మరి ఏం వేయాలి? మా ఓటు రేలకే. ఇది మన నేల చెట్టు, పెద్ద గాలికి తురాయి అంత తేలిగ్గా విరగదు, చిన్న పెరట్లోనూ ఇముడుతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఆకు రాల్చి ఒళ్ళంతా పసుపు కట్టుకుంటుంది. దీని కాయ గుజ్జు విరేచనాలు తెప్పిస్తుంది, కాబట్టి పిల్లలు నాకకుండా చూసుకోవాలి. ఆ మాట కూడా దాచము. దేవకాంచనం రెండో ఎంపిక. ఒంటె అడుగులా నడుమ చీలిన ఆకు, గులాబి పూలు, గుర్తుపట్టడం చిన్నపిల్లలకు కూడా సులువే.

రేల గింజకు పెంకు గట్టి. అలాగే పాతితే నెలలు గడిచినా మొలవదు, చాలామంది అక్కడే విసిగిపోతారు. నీళ్ళు మరిగించి పొయ్యి మీదనుంచి దించి గింజలు వేసి, రాత్రంతా అలాగే వదిలేయండి. తెల్లారి ఉబ్బినవి పాతండి, ఉబ్బనివాటిని గరుకు రాయి మీద ఒక పక్క కాస్త అరగదీసి మళ్ళీ నానబెట్టండి. మొక్క మోకాలెత్తు అయ్యాక, తొలకరి పడ్డాక రెండడుగుల గొయ్యిలో మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. పక్కన కర్ర పాతి వదులుగా కట్టండి. మొదటి రెండు వేసవులు నీళ్ళు తప్పవు, ఆ తర్వాత అది మిమ్మల్ని అడగదు. పూతకు తొందరపడకండి, కొన్నేళ్ళు పడుతుంది.

ఇప్పుడు మా కాంపౌండులో ప్రతి చెట్టుకూ రేకు మీద పేరు రాయించి కట్టాము. పోయిన దేవగన్నేరు కొమ్మలు కొన్ని వారం రోజులు నీడలో ఆరబెట్టి, పాలు ఆగిపోయాక పాతాము. ఒకటి చిగురు వేసింది, అది చాపెలు ముందే ఉంది. కోత పండుగకు మొక్కలు కానుకగా తెచ్చే సంఘస్థులకు ఒక మనవి. కుండీకి పేరు రాసిన చీటీ అంటించి తీసుకురండి. పేరు లేని మొక్కను మేము తీసుకోము, ఎవరూ నొచ్చుకోవద్దు.

వార్డు వెనక గోడ దగ్గర పెంచిన రేల మొక్కలు నలభై సిద్ధంగా ఉన్నాయి. ఓ.పి. పక్కన మందుల కిటికీ దగ్గర శనివారం ఉదయం ఇస్తాము. ఇంటికి ఒకటి చొప్పున. సంచి మీరే తెచ్చుకోండి.